పెద్దపల్లి వైపు మా చెలకలో దొరికిన మూడు బిళ్ళలు: ఏ కాలానివో చెప్పగలరా?

చెలకదారి
ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే కానీ రాయడం ఇదే మొదలు. ఉద్యోగం హనుమకొండలో, సొంతూరు పెద్దపల్లి జిల్లాలో. సెలవు దొరికితే మెటల్ డిటెక్టర్ పట్టుకుని మా చెలకలో తిరుగుతుంటా. భూమి మాదే, పట్టా నాన్న పేరు మీద ఉంది. ఈసారి ట్రాక్టర్‌తో లోతుగా దున్నించినం. తర్వాత గెట్టు పక్కన జానెడు లోతులోనే మూడు బిళ్ళలు దొరికాయి. మూడూ ఒక్క గుంతలో కాదు, అక్కడొకటి ఇక్కడొకటి.

మొదటిది నలుచదరంగా ఉంది, మూలలు గుండ్రంగా అరిగాయి. ఉర్దూ రాత ఉంది.

రెండోది మందపు రాగి ముద్ద. అంచు వంకరటింకర. దీని మీద కూడా ఉర్దూ లాంటి రాతే, కానీ సగం బయటికి పోయినట్టుంది.

మూడోది చిన్నది, సైజుకు మించిన బరువు. బూడిద రంగు, పైన తెల్లటి పొర. ఏమీ కనపడటం లేదు. అయస్కాంతానికి అంటుకోవడం లేదు.

ఫొటోలు పెట్టిన. మా అమ్మ అప్పుడే చింతపండు నానబెట్టింది, తోముతా అంటున్నది. తోమొచ్చా?

మట్టిపెంకు
ఆదివారం, రాత్రి 9:20

తోమొద్దు! ముందు ఆ చింతపండు పులుసుకు వాడేయమనండి. మిగతా సంగతి తర్వాత చెప్తా.

హాలీసిక్కా
ఆదివారం, రాత్రి 9:51

మొదటిది తేలిక. నిజాం అణా, ఉస్మాన్ అలీ ఖాన్ కాలంది. అంతకుముందు అణా తెల్లగా ఉండేది. ఇలా కంచుతో నలుచదరంగా కొట్టినవి హిజ్రీ 1361 నుంచి 1368 దాకా వచ్చాయి. మీ ఫొటోలో ఏడాది 1365 అని కనిపిస్తోంది. హిజ్రీ ఏడాదిని 0.97తో గుణించి 622 కలిపితే మన క్యాలెండర్ ఏడాది వస్తుంది. ఇక్కడ 1946.

అంకెలు చదవడంలో కొత్తవాళ్లు తికమక పడేది ఒకచోట. రాత కుడి నుంచి ఎడమకు పోతుంది కానీ అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికే. ఐదు అంకె తలకిందులుగా పెట్టిన హృదయం బొమ్మలా ఉంటుంది. అది ఒక్కటి గుర్తుపడితే సగం పని అయినట్టే.

వెండి రూపాయి దొరికితే ఇంకా సులువు. దాని మీద చార్మినార్ ఉంటుంది, పైన 92 అంకె ఉంటుంది. ముహమ్మద్ అనే పేరులోని అక్షరాల విలువలు కూడితే వచ్చే సంఖ్య అది. చార్మినార్ ద్వారంలో ఒక అక్షరం ఉంటుంది చూడండి. మీమ్ అయితే మహబూబ్ అలీ ఖాన్, ఐన్ అయితే ఉస్మాన్ అలీ ఖాన్. ఈ రూపాయినే మన తాతలు హాలీ సిక్కా అన్నారు, ఇంగ్లీషోళ్ల రూపాయిని కల్దార్ అన్నారు. ఆరు కల్దార్లకు ఏడు హాలీ. వంద కల్దార్లు కావాలంటే 116 రూపాయల పదణాల ఎనిమిది పైలు లెక్కపెట్టాలి. మా తాత ఈ లెక్క నోటితోనే చెప్పేవాడు, నాకు ఇప్పటికీ కాల్క్యులేటర్ కావాలి.

చారాణా
ఆదివారం, రాత్రి 10:03

ధర ఎంత వస్తదో అని అడగకముందే చెప్తున్నా అన్నా. ఈ అణాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కూడా కనపడతయి. దీన్ని డబ్బాలో పెట్టించి, సర్టిఫికెట్ చేయించి, కొరియర్‌లో పంపితే చారాణా కోడికి బారాణా మసాలా అయితది. దాచుకో.

చెలకదారి
ఆదివారం, రాత్రి 10:10

అమ్మే ఉద్దేశం లేదన్నా. ఏమిటో తెలిస్తే చాలు. చింతపండు ఆపించిన.

మట్టిపెంకు
ఆదివారం, రాత్రి 11:02

మంచి పని చేశారు. ఎందుకు వద్దన్నానో చెప్తా.

మట్టిలో వందల ఏళ్లు ఉన్న రాగి మీద ఒక పొర కడుతుంది. నల్లగానో, ముదురు ఆకుపచ్చగానో ఉండే ఆ పొరలోనే అక్షరాల అంచులు నిలిచి ఉంటాయి. చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి, ఏదైనా సరే ముందు తినేసేది ఆ పొరనే. నాణెం పెళ్లికూతురిలా మెరుస్తుంది, అక్షరం మాత్రం మాయమవుతుంది. మీ మూడో బిళ్ళ సీసంలా ఉంది. సీసానికి పులుపు తగిలితే ఇంకా ప్రమాదం, లోహమే కరుగుతుంది. సీసం మీది తెల్లపొడి విషం కూడా. దాన్ని గీకొద్దు, ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లలకు అందకుండా పెట్టండి.

రాగి బిళ్ళను డిస్టిల్డ్ వాటర్‌లో వేసి రోజూ నీళ్లు మార్చండి. బ్యాటరీలో పోసే నీళ్లే, ఏ మెకానిక్ షాపులోనైనా దొరుకుతాయి. మట్టి మెత్తబడ్డాక వెదురు పుల్లతో మెల్లగా తీయండి. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే మాత్రం ఆ బిళ్ళను మిగతావాటి నుంచి విడిగా, పొడిగా ఉంచండి. ఆ పొడి రాగిని లోపల్నుంచి తింటుంది. సీసం బిళ్ళను నానబెట్టొద్దు, అట్లనే ఉంచండి.

ఇక ఫొటోలు. ఫ్లాష్ వేసి తీస్తే అంతా తెల్లగా చదును అవుతుంది. చీకటి గదిలో టార్చిని బల్లకు దాదాపు ఆనించి పక్కనుంచి కొట్టండి. ఒక్కో దిక్కు నుంచి ఒక్కో ఫొటో తీయండి. పక్కన స్కేలు పెట్టండి. బంగారం షాపులో చిన్న కాటా ఉంటుంది, గ్రాములో నూరో వంతు దాకా తూగుతుంది. బరువు, వ్యాసం, లోహం చెప్పకుండా "ఇది ఏమిటి" అని అడిగితే మేం జాతకం చెప్పాల్సి వస్తుంది.

ఖుష్‌ఖత్
సోమవారం, ఉదయం 6:35

నేను రిటైరైన ఉర్దూ పంతులును, హనుమకొండ. రెండో బిళ్ళ గురించి రెండు మాటలు.

బాబూ, మీరు ఆ ఫొటో తలకిందులుగా పెట్టారు. తిప్పి చూస్తే మధ్యలో "ఖైర్" అనే మాట స్పష్టంగా ఉంది. దాని కింద "సఆదత్"లోని చివరి రెండు అక్షరాలు. ఇది గోల్కొండ కుతుబ్ షాహీల ఫలూస్, అంటే రాగి నాణెం. పూర్తి వాక్యం "ఖతమ్ బిల్ ఖైర్ వ సఆదత్". క్షేమంగా, శుభంగా ముగిసింది అని అర్థం. రెండో వైపు "జర్బ్ దారుస్సల్తనత్ హైదరాబాద్" ఉండాలి, అంటే రాజధాని హైదరాబాదులో కొట్టింది అని. మీ ఫొటోలో "దార్" వరకు ఉంది.

రాత సగం బయటికి పోయింది అన్నారు. అది అరుగుదల కాదు. అచ్చు పెద్దది, రాగి ముక్క చిన్నది. సుత్తి దెబ్బకు అచ్చులో ఎంత భాగం ముక్క మీద పడితే అంతే. అందుకే ఈ ఫలూస్‌లను ఒక్కదాన్ని చూసి పూర్తిగా చదవలేం. నాలుగైదు నాణేలు పక్కపక్కన పెట్టుకుంటే వాక్యం పూర్తవుతుంది.

ఏడాది దగ్గరే చిక్కు. ఈ వాక్యంతో రెండు తేదీలు వస్తాయి. హిజ్రీ 1068 అయితే అబ్దుల్లా కుతుబ్ షా. 1656లో ఔరంగజేబు గోల్కొండ మీదికి వచ్చి, సంధి కుదిరి వెనక్కి పోయిన తర్వాతి కాలం అది. 1095 అయితే ఆయన అల్లుడు అబుల్ హసన్, మన తానీషా. మీ నాణెం మీద తేదీ ఉండాల్సిన చోట మట్టి ఉంది. మట్టిపెంకు గారు చెప్పినట్టు నానబెట్టి చూడండి, తొందరేం లేదు.

వరంగల్_వాసు
సోమవారం, ఉదయం 8:14

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. మా నానమ్మ పూజ పెట్టెలో ఒక రాగి నాణెం ఉంది. ఒకవైపు రాముడు, సీత, లక్ష్మణుడు, హనుమంతుడు. రెండోవైపు ఈస్ట్ ఇండియా కంపెనీ, హాఫ్ అణా, 1818. యూట్యూబ్‌లో లక్షలు పలుకుతుందన్నారు. ఒకాయన ఫోన్ చేసి ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమన్నాడు. కట్టాలా?

హాలీసిక్కా
సోమవారం, ఉదయం 8:31

రూపాయి కూడా కట్టకండి. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ కొట్టలేదు. 1616, 1717, 1818 అని రకరకాల తేదీలతో, రాముడు, హనుమంతుడు, లక్ష్మి, ఓం గుర్తుతో వచ్చేవన్నీ యాత్రాస్థలాల్లో అమ్మిన బిళ్ళలే. 1616లో కంపెనీవాళ్లు ఇక్కడ వ్యాపారానికి అనుమతుల కోసం తిరుగుతున్నారు, అణాలెక్కడివి? కంపెనీ దేశమంతటికీ ఒకే తీరు నాణేలు తెచ్చింది 1835లో. పూజలో ఉంచుకోండి, దానికి ఆ విలువ ఉంది.

ఆ ఫోన్ నంబర్‌ను బ్లాక్ చేయండి. నిజంగా కొనేవాడు అమ్మేవాడి దగ్గర ఫీజు అడగడు.

చారాణా
సోమవారం, ఉదయం 8:40

ఆయనే రేపు రైస్ పుల్లర్ ఉందా అని కూడా అడుగుతడు చూడు. బియ్యపు గింజల్ని గుంజుకునే రాగి చెంబు, అంతరిక్ష సంస్థవాళ్లు కోట్లు పెట్టి కొంటరు అని. మా వాడలో ఒకాయన దాని వెనుక తిరిగి రెండెకరాలు అమ్ముకున్నడు.

చెలకదారి
బుధవారం, రాత్రి 8:45

బరువులు తెచ్చిన. రాగిది 10.9 గ్రాములు, చిన్నది 4.3 గ్రాములు, వ్యాసం 17 మిల్లీమీటర్లు. చిన్నదానికి టార్చి పక్కనుంచి కొట్టి ఎనిమిది ఫొటోలు తీసి పెట్టిన. నాలుగో ఫొటో చూడండి, ఏదో జంతువు కాలు లాగుంది. నాకే అట్ల కనపడుతుందా?

గోదారిగట్టు
బుధవారం, రాత్రి 9:05

తమ్ముడూ, మీ చెలక దగ్గర చెరువు ఉందా? ఉంటే ఇది వలకు కట్టే సీసం గుండు కావొచ్చు. సుత్తితో కొట్టి చదును చేసినవి మా దగ్గర బోలెడు దొరుకుతయి. నేను ఇట్లాంటివి నాణేలనుకుని డబ్బా నింపినోళ్లను చూసిన.

మట్టిపెంకు
బుధవారం, రాత్రి 9:48

అనుమానం మంచిదే. కానీ వల గుండుకు దారం పోవడానికి రంధ్రమో, మడతో ఉంటుంది. దీనికి లేదు. నాలుగో ఫొటోను కొంచెం పెద్దది చేసి చూడండి. ఎడమ అంచున వంగిన గీత తొండం. దాని వెనుక గుండ్రటి నుదురు, కింద రెండు లావు కాళ్లు. ఇది ఏనుగు, ఏడో ఫొటోలో ఇంకా బాగా కనపడుతుంది.

ఇక రెండో వైపు, ఆరో ఫొటో. మధ్యలో కూడిక గుర్తు, దాని నాలుగు కొసలకు నాలుగు వలయాలు. మూడు వలయాలు కనపడుతున్నాయి, నాలుగోది అంచు బయట. దీన్ని ఉజ్జయిని చిహ్నం అంటారు. సీసం, ఏనుగు, ఉజ్జయిని చిహ్నం, పెద్దపల్లి జిల్లా. ఈ నాలుగూ కలిస్తే నా మాట శాతవాహన నాణెం.

గోదారిగట్టు
బుధవారం, రాత్రి 9:55

ఏడో ఫొటో చూసిన. తొండం ఉంది, ఒప్పుకుంటున్నా. మరి ఏ రాజుది?

మట్టిపెంకు
బుధవారం, రాత్రి 10:30

అది చెప్పలేం. ఏనుగు పైన చుట్టూ బ్రాహ్మీ అక్షరాలు ఉంటాయి. మామూలుగా "రఞో సిరి" అని మొదలై రాజు పేరు వస్తుంది. ఇక్కడ మిగిలింది రెండక్షరాలు. ఒకటి "సా", రెండోది "త" కావొచ్చు. సాతకణి అనుకుందామంటే, ఆ పేరు పెట్టుకున్న రాజులు ఆ వంశంలో ఒక్కరా ఇద్దరా? గౌతమీపుత్రుడూ శాతకర్ణే, యజ్ఞశ్రీ కూడా శాతకర్ణే. పేరుకు ముందున్న మాట ఉంటేనే తేలుతుంది, అదే పోయింది. శాతవాహన అని ఆగిపోవడమే న్యాయం. ఎవరైనా ఈ ఫొటో చూసి రాజు పేరు గ్యారంటీగా చెప్తే ఆయనకు ఏదో అమ్మే పని ఉందని అర్థం.

మీ జిల్లాలో ఇది వింతేమీ కాదు. పెద్దబంకూరు తవ్వకాల్లో శాతవాహన నాణేలు వేల సంఖ్యలో బయటపడ్డాయి, కుండలో పోసి దాచినవి కూడా దొరికాయి. రోమన్ నాణేలూ వచ్చాయి అక్కడ. ధూళికట్టలో బౌద్ధ స్తూపం ఉంది. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో వానకు కొట్టుకొచ్చిన నాణేలను ఊరివాళ్లు ఏరి దాచడం వల్లే శాతవాహనుల మొదటి రాజు చిముకుని పేరున్న నాణేలు లోకానికి తెలిశాయి. అంతకుముందు ఆ రాజు పేరు పురాణాల జాబితాల్లోనూ, నానేఘాట్ గుహలోని శాసనంలోనూ మాత్రమే ఉండేది. గోబద, నారన, సమగోప వంటి పేర్లయితే కోటిలింగాల నాణేల వల్లే మనకు తెలిశాయి. నాణెం ఎక్కడ దొరికిందో రాసిపెట్టినవాళ్లు ఉన్నారు కాబట్టి ఆ నాణేలకు అంత విలువ వచ్చింది.

ఒక ప్రశ్న. ఆ గెట్టు దగ్గర మట్టి మిగతా చెలక మట్టిలాగే ఎర్రగా ఉందా, లేక బూడిద రంగులో ఉందా? పెంకులు ఉన్నాయా?

చెలకదారి
బుధవారం, రాత్రి 10:52

బూడిద రంగే. ఆ మూలను మా ఊళ్లో పాటిగడ్డ అంటరు, అంటే పాత ఊరు ఉన్న దిబ్బ. పెంకులు చాలా ఉన్నయి, లోపల నలుపు బయట ఎరుపు. నల్లటి బరువు రాళ్లు కూడా, చిట్టెపు రాళ్లు అంటరు మావోళ్లు. డిటెక్టర్ వాటికి మోగి మోగి చంపుతుంది.

రేగడి
గురువారం, ఉదయం 7:20

చిట్టెం అంటే ఇనుము కరిగించినప్పుడు మిగిలిన మడ్డి. ఉత్తర తెలంగాణలో ఎక్కడ చూసినా ఉంటుంది. నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉక్కు పేరు దేశాలు దాటి పోయిందంటే ఊరికే కాదు. డిటెక్టర్‌కు మాత్రం ఇది శాపం. చిన్న ముక్కలకు తెర మీద చిన్న అంకె చూపించి గరగర మంటుంది. పెద్ద ముక్క అయితే మోసం చేసి వెండికి వచ్చేంత పెద్ద అంకె చూపిస్తుంది. కాయిల్‌ను అడ్డంగా ఒకసారి, తొంభై డిగ్రీలు తిరిగి ఒకసారి తిప్పండి. రెండువైపులా ఒకే అంకె, ఒకే చోట మోగితే తవ్వొచ్చు. అంకె గంతులేస్తే చిట్టెమే.

అయినా పాటిగడ్డ అన్నాక ఇక డిటెక్టర్ ఆపితే మంచిదేమో. పెద్దలు చెప్పాలి.

గుమాస్తా
గురువారం, మధ్యాహ్నం 1:15

రెవెన్యూలో పని చేసి వచ్చినవాణ్ణి కాబట్టి చెప్తున్నా. ఆపాలి. రేగడి అన్నది సరే.

1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. మట్టిలో దాగి దొరికిన విలువైన వస్తువు ఏదైనా, విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. ఏం దొరికింది, విలువ సుమారు ఎంత, ఎక్కడ, ఏ రోజు అన్నవి రాయాలి. చెప్పకుండా దాస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

సొంత భూమి కదా అనే వాదన అక్కడ నడవదు. సొంత భూమి అయితే వాటా దగ్గర మాత్రం పనికొస్తుంది. హక్కుదారుడు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవాడికి మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు. సర్కారు తనకే కావాలనుకుంటే లోహం విలువకు అయిదో వంతు కలిపి చెల్లించి తీసుకుంటుంది.

చారాణా
గురువారం, మధ్యాహ్నం 1:32

సీసం విలువకు అయిదో వంతు కలిపితే ఎంతొస్తదన్నా, చాయ్ పైసలు?

మరి చదరపు అణాకు కూడా కలెక్టర్‌కు రాయాలా? అట్లయితే మా ఇంటి అటక మీద సగం జైలుకు పోవాలె.

గుమాస్తా
గురువారం, మధ్యాహ్నం 1:50

అటక మీద ఉన్నది మట్టిలో దొరికింది కాదు కదా సామీ. చట్టం అక్షరాలా చదివితే మట్టిలో దొరికిన అణా కూడా వస్తుంది. 1946 నాటి ఒక్క అణా జారిపడిందంటే ఎవరూ కేసు కట్టరు, అది నా అభిప్రాయం. కానీ శాతవాహన నాణెం, అదీ పాటిగడ్డలో, అంటే లెక్క వేరు. అదే కాగితంలో మూడూ రాసేస్తే గొడవే ఉండదు.

వేయిస్తంభం
గురువారం, సాయంత్రం 6:05

చెప్పడం తేలిక గుమాస్తా గారూ. మా మేనమామ బావి పూడిక తీస్తుంటే వెండి బిళ్ళలు దొరికాయి. నిజాయితీగా పోయి అప్పగించాడు. ముందు వాళ్లు అడిగిన మాట, ఇంకెన్ని దాచావు అని. రసీదు ఇవ్వలేదు. వాటా సంగతి దేవుడెరుగు, ఆ బిళ్ళలు ఎక్కడున్నాయో కూడా ఆయనకు తెలియదు. అందుకే ఊళ్లల్లో ఎవరికైనా ఏదన్నా దొరికితే కంసాలి దగ్గరికి పోతుంది, కరిగిపోతుంది.

గుమాస్తా
గురువారం, సాయంత్రం 7:40

మీ మేనమామకు జరిగింది అన్యాయమే, కాదనను. అందుకే నోటిమాటగా పోవద్దంటాను. దరఖాస్తు రెండు కాపీలు, ఫొటోలు, బరువులు, సర్వే నంబర్ రాసి, ఒక కాపీ మీద ఇన్‌వర్డ్ నంబర్, ముద్ర వేయించుకోవాలి. రిజిస్టర్డ్ పోస్టులో కూడా ఒకటి పంపాలి. వస్తువు అప్పగించేటప్పుడు పంచనామాలో బరువుతో సహా రాయించాలి. హెరిటేజ్ తెలంగాణ, అంటే రాష్ట్ర పురావస్తు శాఖకు ఒక నకలు. కాగితం ఉంటే మనిషి మారినా మాట మారదు.

దాస్తే ఏమవుతుందో కాదు, చెప్తే ఏమవుతుందో కూడా చూడండి. 2021లో జనగామ దగ్గర పెంబర్తిలో భూమి చదును చేస్తుంటే పాత్ర నిండా బంగారు, వెండి నగలు బయటపడ్డాయి. చెప్పారు కాబట్టి అందరికీ తెలిసింది, అధికారులు తీసుకెళ్లారు. కరిగించి ఉంటే ఒక ముద్ద.

నిధి_కింగ్
గురువారం, రాత్రి 11:58

బ్రో ఊరి పేరు చెప్పు. నా దగ్గర లోతు మెషిన్ ఉంది, ఇరవై అడుగులు పడుతది. సగం సగం. అమావాస్య లోపు అయిపోవాలె.

మోడరేటర్
శుక్రవారం, ఉదయం 6:10

నిధి_కింగ్ ఖాతా తీసేశాం. మిగతావాళ్లు కూడా వినండి. ఈ చర్చలో ఊరి పేరు, సర్వే నంబర్, గుట్ట పేరు, మ్యాప్ లింకు ఏదీ పెట్టకండి. ఫొటోల్లో లొకేషన్ సమాచారం ఉంటే తీసేసి పెట్టండి. గుప్తనిధుల పేరుతో గుళ్లల్లో నందుల్ని పగలగొట్టినవాళ్లు, వీరగల్లుల కింద తవ్వినవాళ్లు ఇలాంటి చర్చలే చదువుతారు.

మరో మాట. ఖిలా వరంగల్ లోపల డిటెక్టర్‌తో తిరగొచ్చా అని పక్క చర్చలో ఒకరు అడిగారు. అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు. తిరగకూడదు, తవ్వకూడదు. దాని మీద ఇక చర్చ లేదు.

హాలీసిక్కా
శుక్రవారం, ఉదయం 9:25

చెలకదారి తమ్ముడికి ఒక సలహా. కాగితం పెట్టేలోపు ఒక నోటుబుక్కులో గెట్టు, చింతచెట్టు, బావి గుర్తుగా గీసి, మూడు చోట్లకూ దూరాలు అడుగుల్లో రాసిపెట్టు. లోతు కూడా. బిళ్ళలను ప్లాస్టిక్ కవర్లో కాకుండా విడివిడిగా కాగితపు కవర్లలో పెట్టు. సీసాన్ని చెక్కపెట్టెలో అసలు పెట్టొద్దు, కొన్ని చెక్కల నుంచి వచ్చే ఆవిరికి కూడా అది తెల్లపొడి అయిపోతుంది.

చెలకదారి
బుధవారం, రాత్రి 9:30

అప్‌డేట్ ఇస్తున్నా. నాన్నకు ముందు భయం, భూమి పోతదేమో అని. గుమాస్తా సార్ రాసింది చదివి వినిపించిన తర్వాత ఆయనే సంతకం పెట్టిండు. ఆఫీసులో కాగితం చూసిన మనిషి మొదటి మాట "బంగారమా?" అన్నడు. సీసం అంటే నిరాశ పడ్డడు. అయినా ముద్ర వేసి నంబర్ ఇచ్చిండు. పురావస్తు శాఖకు పోస్టులో పంపిన. వాళ్లు వచ్చి చూసేదాకా ఆ మూల దున్నొద్దని నాన్నే ట్రాక్టర్ డ్రైవర్‌కు చెప్పిండు. అక్కడ పత్తి బదులు ఏం వేయాలో అన్న పంచాయితీ ఇంట్లో ఇంకా నడుస్తున్నది.

రాగి బిళ్ళ డిస్టిల్డ్ వాటర్‌లో ఉంది. నిన్న అంచు మీది మట్టి వదిలింది. ఖుష్‌ఖత్ సార్, తేదీ దగ్గర కొత్త ఫొటో పెట్టిన. రెండంకెలు కనపడుతున్నయి.

ఖుష్‌ఖత్
గురువారం, ఉదయం 6:20

చూశాను బాబూ. 1068 అయితే చివర ఎనిమిది ఉండాలి. ఎనిమిది అంటే పైన మొన, కింద విడిపోయిన రెండు గీతలు. నాణెం తలకిందులైతే అదే ఏడులా కనపడుతుంది, అందుకే ముందు "ఖైర్" మాటను నిలువుగా పెట్టుకుని చూశాను. మీ నాణెం మీద చివరిది గుండ్రంగా మూసుకుని ఉంది, కింద చిన్న నొక్కు. హాలీసిక్కా గారు చెప్పిన ఐదు. దాని ముందున్నది తల గుండ్రంగా, తోక కిందికి, అంటే తొమ్మిది.

1095. క్రీస్తు శకం 1683-84. తానీషా నాణెం. పంచనామాలో ఈ తేదీ రాయించండి.

చారాణా
గురువారం, ఉదయం 7:02

భద్రాచలం గుడి పైసలకు రామదాసును జైల్లో పెట్టిన తానీషా! ఆ లెక్కలో ఒకటి మీ చెలకలో పడ్డదన్నమాట.

ఖుష్‌ఖత్
గురువారం, ఉదయం 7:15

కథ ప్రకారం రాముడు కట్టింది బంగారు మాడలు చారాణా గారూ. ఇది రాగి.